మూడు గీతల పదివేలు

"నువ్వు నేర్సుకో. నేర్సుకొని నాకు చెప్పు" అన్నాడు శివశంకర్, చిక్కుడుకాయల గిన్నె పక్కన కొత్త నోటుబుక్కు పెట్టి.

రవళి నార తీస్తూనే తలెత్తి చూసింది. పదకొండేళ్ళ కాపురంలో మొగుడు ఆమె చేతికి చదువుకొమ్మని ఒక పుస్తకం ఇవ్వడం అదే మొదలు. సంతోషపడాలో వద్దో తెలియలేదు. డిగ్రీ రెండో ఏడు చదువుతుంటే పెళ్ళయింది. మూడో ఏడు పరీక్షలు కడుపుతో ఉండి రాసింది. వాళ్ళ వాడకట్టులో డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్ల తనే. కొత్తకోడలుగా ఉన్న రోజుల్లో అత్త మొగులమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "మా కోడలు డిగ్రీ" అని చెప్పేది. చెప్పి ఊరుకునేది కాదు, "పిల్లా, జెర చాయ్ పెట్టు" అనేది. డిగ్రీకీ చాయ్‌కీ మధ్య ఊపిరి తీసుకునేంత జాగా కూడా ఉండేది కాదు.

ఆలుమగలిద్దరిదీ పటాన్‌చెరులో ఒకటే కంపెనీ. బండ్లకు వాడే రబ్బరు రింగులు చేస్తారు. శివశంకర్ రబ్బరును అచ్చులో నొక్కే వేడి ప్రెస్సు మీద పర్మినెంట్ ఆపరేటర్. రవళి రింగుల్లో లోపాలు చూసి, లెక్కపెట్టి, డబ్బాలకెత్తే ప్యాకింగ్‌లో కాంట్రాక్టు మనిషి. మాల్ ముందు నుంచీ జపాన్‌కే పోతుంది కానీ ఈ ఏడాది నుంచి ఆర్డర్ కాగితాలు కూడా నేరుగా జపాన్ భాషలోనే రావడం మొదలైంది. వాటిని చదివి షాపుకు చెప్పడానికి ప్లానింగ్ ఆఫీసులో ఒక మనిషి కావాలని నోటీసు పెట్టారు. ఒకటే కుర్చీ. ఎప్పుడూ పొద్దటి డ్యూటీనే. పర్మినెంట్, కాంట్రాక్టు అన్న తేడా లేదు, ఎవరైనా రావచ్చు. మూడు నెలలు జపాన్ భాష క్లాసు, ఆ తర్వాత పరీక్ష. ఎవరికి ఎక్కువ మార్కులు వస్తే వాళ్ళదే కుర్చీ.

క్లాసు బుధవారం, శనివారం, మధ్యాహ్నం మూడింటికి క్యాంటీన్‌లో. శివశంకర్‌కు సెకండ్ షిఫ్టు పడిన వారాల్లో ఆ టైముకు ప్రెస్సు మీద ఉండాలి. రవళిది ఎప్పుడూ ఫస్ట్ షిఫ్టే. కాబట్టి ఆమె వెళ్ళి కూర్చోవాలి, రాసుకోవాలి, ఇంటికొచ్చి చెప్పాలి. పరీక్ష మాత్రం ఆయన రాస్తాడు.

"షిఫ్టులు మారంగ మారంగ నా పానం ఆగమైంది రవీ. నీకు తెల్వదా?" అన్నాడు.

తెలుసు. అది అబద్ధం కాదు. ఆరేళ్ళ నుంచి ఆ మనిషికి నిద్ర ఒక వరుసలో లేదు. ప్రెస్సు మీద వంగి వంగి నడుము పట్టేసింది. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంటాడు, ముసలివాళ్ళలాగా. అది చూసినప్పుడల్లా రవళి చేతిలో పని వదిలి నీళ్ళ చెంబు తెచ్చి ఇస్తుంది.

"ఇంటికి ఒక్క మంచి నౌకరి వస్తే చాలు గదనే. ఇండ్ల నాది నీది అని ఏముంటది?"

ఆ మాట ఆమెకు ఆ పూట తియ్యగానే వినబడింది.

క్లాసు చెప్పే రాజారావు సార్ కిష్టారెడ్డిపేటలో అపార్ట్‌మెంటులో ఉంటాడు. జపాన్‌లో ఎనిమిదేళ్ళు ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. మొదటి రోజు రిజిస్టర్ చూసి, "మీ పేరు ఇందులో లేదేమమ్మా?" అని అడిగాడు. పధ్నాలుగు మంది మగవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"మా ఆయన పేరు ఉంది సార్. నేను రాసుకపోనీకి వచ్చిన."

"రాసుకుపోవడానికి వచ్చినవాళ్ళకు కూడా చెవులుంటాయి కదా. కూర్చోండి" అన్నాడు ఆయన నవ్వకుండానే.

అక్షరాలు అయ్యాయి, చిన్న అంకెలు అయ్యాయి. ఐదో వారం బోర్డు మీద మూడు గీతలు గీశాడు. పైన ఒక అడ్డగీత. దాని కింద కొడవలిలా వంగి కొన మడిచిన గీత. ఎడమకు జారిన కాలు లాంటిది ఒకటి. 万. "దీన్ని మాన్ అంటారు. పదివేలు. పెద్ద లెక్కలకు ఇదే మొదటి మెట్టు. మన దగ్గర పదివేలకు ఒంటి మాట వాడుకలో లేదు. పది, వేలు అని రెండు కలిపి చెప్తాం. వాళ్ళకు అది ఒక్క మాట, ఒక్క అక్షరం. పది మాన్‌లు మన లక్ష. వంద మాన్‌లు పది లక్షలు. మన కామాలు మరిచిపోండి. కుడి నుంచి నాలుగు అంకెలు లెక్కపెట్టి అక్కడ కోయండి."

క్లాసులో అందరూ అక్కడే బోర్లా పడ్డారు. వెయ్యి దగ్గర ఆగడం, ఆ తర్వాత లక్ష దగ్గర ఆగడం చిన్నప్పటి నుంచి అలవాటైన బుర్రలు. మాన్ అంటే కొందరు వెయ్యి అనుకున్నారు, కొందరు లక్ష అనుకున్నారు. రవళి మాత్రం ఆ గీతల్ని చూస్తూ ఉండిపోయింది. ఆమె ఆ అక్షరాన్ని ఎరుగును. నాలుగేళ్ళ నుంచి ఆమె మూతికి టేపు వేసే ప్రతి పెద్ద డబ్బా మీద, లేబుల్ కింది మూల, ఒకటి పక్కన ఈ మూడు గీతలే ఉంటాయి. డబ్బాకు పదివేల రింగులు. తను చేతులతో నింపిన లెక్క పేరు తనకు ఇప్పుడు తెలిసింది.

ఆ తర్వాతి వారమే ప్యాకింగ్ సూపర్‌వైజర్ నవీన్ ఒక ఆర్డర్ కాగితం పట్టుకుని వచ్చాడు. "పన్నెండు వేలు. ఒక డబ్బా నింపుండ్రి, ఇంకో దాంట్ల రెండు వేలు ఎయ్యిండ్రి. జల్దీ, బండి ఒస్తది."

రవళి పక్క నుంచి తొంగి చూసింది. పన్నెండు పక్కన మూడు గీతలు. "తమ్మీ, అది పన్నెండు డబ్బాలు."

"ఏంది?"

"పన్నెండు మాన్‌లు. లక్షా ఇరవై వేలు."

"అక్కా, నువ్వు రింగులు చూడు, కాగితాలు నేను చూస్తా" అన్నాడు అతను. ప్యాకింగ్‌లో పనిచేసే బిహార్ పిల్లలు ఇద్దరు కిసకిస నవ్వారు. కానీ అతనికి అనుమానం పట్టుకుంది. మూలకు పోయి ఫోన్ చేశాడు, రాజారావు సార్‌కే కావచ్చు. తిరిగొచ్చి గొంతు పెంచి, "పన్నెండు డబ్బాలు! నేను ముందుగాలనే అన్న గదా, చెవులు పెట్టి వినరు" అన్నాడు అందరినీ చూసి. ఆమెను తప్ప.

కోపం రాలేదు ఆమెకు. ఇటువంటివి మింగడం అలవాటే. వచ్చింది వేరొకటి. ఆ పూట డబ్బాలకు టేపు వేస్తూ అద్దం అవతల ప్లానింగ్ ఆఫీసు వైపు చూసింది. అక్కడ కిటికీ దగ్గర నీలం రంగు కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీలో కూర్చుని కాగితం చదివి, పన్నెండు డబ్బాలు అని తన నోటితో తాను చెప్పడం ఎట్లా ఉంటుంది అనుకుంది. ఎనిమిది గంటలు నిలబడిన కాళ్ళు ఆ కుర్చీని చూసి గుంజాయి. మోకాళ్ళ కింద నీలం నరాలు ఉబ్బి రెండేళ్ళయింది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే మానెయ్ అంటారు, మానేస్తే ఇంట్లోనే నిలబడాలి. ఆ కోరికను ఆమె వెంటనే అణుచుకుంది. అది ఆయన కుర్చీ. ఆయన నడుముకు రావలసిన కుర్చీ. ఎదుటివాళ్ళ కంచంలో ముద్దకు ఆశపడినట్టు సిగ్గేసింది. కానీ సిగ్గుపడితే పోయే కోరిక కాదది. బస్సెక్కినా, బట్టలుతికినా వెంట వెంట వచ్చింది.

పరీక్ష ఇక పది రోజులుంది. శివశంకర్‌కు ఆ వారం ఫస్ట్ షిఫ్టు. పొద్దుగూకే వేళ రవళి జొన్నరొట్టెలు చేస్తుంటే పీట వేసుకుని పక్కన కూర్చున్నాడు. గడప దగ్గర మొగులమ్మ ఉల్లిగడ్డలు ఒలుస్తోంది. ముందర గదిలో పదేళ్ళ కూతురు ప్రసన్న హోంవర్కు చేసుకుంటోంది.

"ఇరవై ఐదు మాన్‌లంటే ఎంత?" అడిగింది రవళి, రొట్టె కొడుతూ.

"ఇరవై ఐదు వేలు."

"కాదు."

"మాన్ అంటె వెయ్యి అని ఒక్కసారి పడ్డది బుర్రల. పోతలేదే!"

"కామా చూడకు. అంకె పక్కన నాలుగు సున్నలు పెట్టు."

"ఒట్టి సున్నలు నాకు ఎక్కయి రవీ. ఏదన్న వస్తువు చెప్పు."

ఆమె చేతిలో ఉన్నది రొట్టె. అదే చెప్పింది. "రోజుకు పదహారు రొట్టెలు చేస్త. పొద్దున డబ్బాలకు ఎనిమిది, రాత్రికి ఎనిమిది. ఏడాదికెన్ని?"

ఫోన్‌లో కొట్టాడు. "ఐదు వేల ఎనిమిది వందల నలభై."

"మన పెండ్లయి పదకొండేండ్లు."

"అరవై నాలుగు వేల రెండు వందల నలభై. నీ తల్లిగారింటికి పోయిన దినాలు తియ్యాలె మరి."

"అక్కడ గూడ నేనే చేసిన."

"సరే, ఉండనియ్యి."

"ఇప్పుడు కుడి నుంచి నాలుగు అంకెలు వదిలెయ్. ఏం మిగిలింది?"

శివశంకర్ వేలుతో ఫోన్ మీద ఒక్కొక్క అంకె మూశాడు. మొహం వెలిగింది. "ఆరు! ఆరు మాన్‌లు, మిగిలింది నాలుగు వేల రెండు వందల నలభై! ఎక్కిందే రవీ, ఎక్కింది!" అని తొడ చరిచాడు. "గన్ని రొట్టెలు ఏడ వోయినయే? నేనైతే ఏం లావు కాలే."

నవ్వాడు. మంచి నవ్వే. రవళి పెనం మీద రొట్టె తిప్పడం మరిచిపోయి తన అరచేతుల్ని చూసుకుంది. అరవై నాలుగు వేలు. ఎవరూ ఆమెను ఇన్ని చెయ్యమని ఒకసారిగా చెప్పలేదు. రోజుకు పదహారు అడిగారు, అంతే.

"పిల్లా" అంది గడప దగ్గర నుంచి మొగులమ్మ. "నాది గూడ జెయ్యి ఆ లెక్క."

"నీ రొట్టెలా అత్తమ్మా?"

"రొట్టెలొద్దు. అవి అందరు జేస్తరు. నీళ్ళు జెయ్యి." చేతిలో కత్తి పక్కన పెట్టింది ముసలమ్మ. "ఇస్మాయిల్‌ఖాన్‌పేట కాడ మన ఊర్లె బోరింగు మన ఇంటికి ఎంత దూరమో వీనికి ఎరుకనే. పెండ్లయిన కాడి నుంచి ఇంట్లకు నల్లా ఒచ్చేదాంక ఇరవై రెండేండ్లు. దినాం పద్నాలుగు బిందెలు. ఇంటికి పది, బర్రెకు నాలుగు."

రవళే ఫోన్ తీసుకుని పిండి వేళ్ళతో కొట్టింది. లక్షా పన్నెండు వేల నాలుగు వందల ఇరవై. నాలుగు అంకెలు కోసింది. "పదకొండు మాన్‌లు అత్తమ్మా."

మొగులమ్మ మొహం చిన్నబోయింది. "పదకొండేనా? గన్ని నీళ్ళు మోస్తె పదకొండేనా నాయి? కూసుండి జేసిన రొట్టెలు ఆరు, నేను నెత్తిన మోసినయి పదకొండా?"

"పదకొండు కాదత్తమ్మా. పదకొండు పదివేలు. లక్ష దాటి పన్నెండు వేల బిందెలు మోసినవ్ నువ్వు."

ముసలమ్మ కుడిచెయ్యి మెల్లగా నడినెత్తి మీదికి పోయింది. అక్కడ రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు లేవు, నున్నగా ఉంటుంది. కొంగు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది.

"గందుకనే పోయినయి ఎంటికలు" అంది. "మీ మామ నలుగుర్ల బోడినెత్తిదాన అని పిలుస్తుండె. అందరు నవ్వుతుండ్రి. నేను గూడ నవ్వుతుంటి."

"అమ్మా, గవన్నీ పరీక్షల రావే" అన్నాడు శివశంకర్ ఓపిగ్గా. "రవీ, ఇంకో లెక్క ఇయ్యి. ఇప్పుడు మంచిగ ఎక్కుతుంది."

ఆమె ఇంకో లెక్క ఇచ్చింది. ఆయన సరిగ్గా చేశాడు. రొట్టె ఒకవైపు మాడింది, దాన్ని తన కంచంలోకి వేసుకుంది. కానీ మనసు అక్కడ లేదు. ఆ ఇంట్లో రెండు తరాల ఆడవాళ్ళు మొదటిసారి తమ పని ఎంతో విన్నారు. విన్న ఆ లెక్క అక్కడికక్కడే ఒక మగమనిషి మార్కుల కోసం పనికొచ్చే వస్తువైపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, ఒక్క మాట అనడానికి నోరు లేచేది. తాగడు, కొట్టడు, జీతం ఇంట్లో ఇస్తాడు. ఆమెకు జ్వరమొస్తే గోలీలు తెస్తాడు, తెచ్చి, "వేసుకొని వండు, ఒళ్ళు కుదుటపడ్తది" అంటాడు. ఆమె నేర్చుకుంటే అది ఆయనకు వచ్చినట్టే, ఆమె నడిస్తే ఆయన చేరినట్టే అని నిజంగానే నమ్ముతాడు. ఇన్నేళ్ళు తనూ నమ్మింది. ఇంట్లో నాది నీది అని ఏముంటుంది అని ఆయన అన్నప్పుడు తను అడగని ప్రశ్న ఒకటుంది. ఏమీ లేకపోతే, కుర్చీలో కూర్చునేది నేనైతే ఏం?

మరునాడు పొద్దున ప్రసన్నకు జడ వేస్తుంటే మొగులమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"పరీచ్చ ఎవలు రాస్తున్నరు?"

"ఆయననే అత్తమ్మా."

"నీకు రాదా మరి?"

"వస్తది."

"వానికంటె మంచిగొస్తదా?"

రవళి జడకు రబ్బరు వేసింది. "వస్తది" అంది.

మొగులమ్మ కొడుకును కన్న తల్లి. వాడి నడుముకు రోజూ నూనె రాసేది ఆమే. "నాకేం దెల్వదు తీ" అని మోకాళ్ళు పట్టుకుని లేచింది. నాలుగడుగులు వేసి, తిరిగి చూడకుండానే అంది: "మొయ్యంగ మొయ్యంగ నాకు ఒక్కటే తెలిసింది పిల్లా. ఇగ సాలు అని ఎవ్వలు అనరు."

పరీక్షకు పేర్లు ఇవ్వడానికి గురువారం ఆఖరు. రవళి టీ విరామంలో నవీన్ టేబుల్ దగ్గరికి పోయి తన పేరు రాయించింది.

"అరె, బావకు పోటీనా అక్కా?" అన్నాడతను, పక్కవాళ్ళకు కూడా వినబడేటట్టు.

"పోటీ ఏం లేదు తమ్మీ. తోడుగ రాస్తున్న."

ఆ మాట అలవాటుగా వచ్చేసింది. అరటిపండు తొక్క మీద కాలు వేసినట్టు జారి వచ్చింది. ఇంటికొచ్చాక మొగుడికి కూడా అదే చెప్పింది. ఆయన కోప్పడతాడేమో అనుకుంది. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"మంచి తెలివి చేసినవే! నాకెందుకు తట్టలే? నువ్వు ముందల కూసో, నేను నీ ఎన్క కూసుంట. పేపరు జెర కుడి దిక్కుకు జరిపి పెట్టు, సాలు. ఇగ నౌకరి మనదే!"

"ఊఁ" అంది రవళి. ఊఁ అనడం ఎంత సులువో ఆమెకు ఆ క్షణం తెలిసింది. శనివారం ఆయన పటాన్‌చెరు బజారుకు పోయి రెండు పెన్నులు తెచ్చాడు, ఒకేలాంటివి. ఒకటి ఆమె చేతిలో పెడుతుంటే ఆ మొహంలో ఎంత ఆశ. తన కోసం రాయడమా, ఆయనకు చూపించడమా? ఆ రాత్రి పడుకునేదాకా, పొద్దున లేచి డబ్బాలు కట్టేదాకా ఆమెకు తెలియలేదు.

ఆదివారం పదింటికి క్యాంటీన్‌లో బల్లలు దూరం దూరం జరిపారు. పదకొండు మంది మిగిలారు. రవళి మూడో బల్ల దగ్గర కూర్చుంది, శివశంకర్ సరిగ్గా ఆమె వెనక. రాజారావు సార్ కాగితాలు పంచి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

మొదటి పేజీ అక్షరాలు. రెండో పేజీ ఒక నిజమైన ఆర్డర్ కాగితం. ముప్ఫై ఏడు, పక్కన మూడు గీతలు, ఆ పక్కన ఐదు వేలు. డబ్బాలు ఎన్ని, విడి రింగులు ఎన్ని? రవళి కళ్ళ ముందు డబ్బాలు వాటంతటవే పేర్చుకున్నాయి. ముప్ఫై ఏడు నిండినవి, ఒకటి సగం. జవాబు రాసింది. తర్వాతిది రాసింది. చెయ్యి ఎక్కడా ఆగడం లేదు. ఇంత తేలిగ్గా తనకు ఏదైనా వచ్చి ఎన్నేళ్ళయిందో!

కుర్చీ కాలు మీద మెల్లగా ఒక తన్ను.

"రవీ. పేపరు జెర జరుపు."

ఆమె పెన్ను ఆగింది. వెనక నుంచి ఆయన ఊపిరి వినబడుతోంది, నడుము నొప్పి ఉన్నప్పుడు తీసే ఊపిరి. రెండు వేళ్ళతో కాగితాన్ని కుడివైపుకు తోస్తే చాలు. ఎవరూ చూడరు. సాయంత్రం ఇంట్లో అందరూ నవ్వుతారు. మార్కులు వచ్చాక ఆయన నీలం కుర్చీలో కూర్చుంటాడు, ప్రతి కాగితం ఇంటికి తెచ్చి ఆమె చేత చదివించుకుంటాడు, ఆమె వంటగదిలో నిలబడి చెప్తుంది. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు. ఆయన నొప్పి నిజమే. తన మోకాళ్ళ కింది నీలం నరాలు కూడా నిజమే. వాటిని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు, ఆమె చూపించనూ లేదు. తప్పు అందులో తనది కూడా ఉంది. అడగనిది ఎవరు ఇస్తారు?

రవళి కాగితాన్ని తన వైపుకు లాక్కుంది. ఎడమచెయ్యి మడిచి దానికి అడ్డం పెట్టింది.

"ఏమైందే? కనబడ్తలేదు."

ఆమె మెడ తిప్పలేదు.

"నాకు గూడ కావాలె ఆ కుర్చీ."